అయ్యోరి ఇంటి ముందు ఆపిన పాట

మా బ్యాండుకి ఒక లైవ్ ఆల్బమ్ ఉండాది అంటే ఆత్మకూరులో ఎవరూ నమ్మరు. పెళ్ళిళ్ళకీ అమ్మవారి కొలుపులకీ వాయించుకునే వాళ్ళకి ఆల్బమ్ ఏందమ్మే అని మా వీధిలోనే నవ్వినారు. నవ్వితే నవ్వనీ. ఉండాది. నా ఫోన్లో ఉండాది, మా అన్న ఫోన్లో ఉండాది. వింటా ఉంటే మధ్యలో ఒక చోట పాట ఆగిపోద్ది. కాసేపు బండి చక్రాల చప్పుడు, చెప్పుల చప్పుడు, అంతే. వినేవాళ్ళు ఫోను చెడిపోయిందేమో అనుకుని తట్టి చూస్తారు. ఫోను బాగానే ఉండాది. చెడింది వేరే.

మా అన్న శాక్సఫోన్ వాయిస్తాడు, బ్యాండు ఆయనదే. డ్రమ్స్ మా ఆయన. ట్రంపెట్, బేస్ గిటార్, కీబోర్డు వాయించేవాళ్ళంతా ఆత్మకూరు, అనంతసాగరం పక్క మనుషులు. నేను పాడతాను. పాట లేని చోట ఊరికే నిలబడితే నాకు కాళ్ళు పీకతాయి, అందుకని రెండు చెక్క గరిటెలు పట్టుకుని తాళం వేస్తాను. ఉదయగిరి గరిటెలు. చూసినోళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత వాళ్ళ కాళ్ళే ఆడతాయి.

ఆ గరిటెలు నాకిచ్చింది అయ్యోరు. మా అన్నకి క్లారినెట్ నేర్పిన మనిషి. ఉదయగిరిలో కొండ కింద వీధిలో వాళ్ళ ఇల్లు. పగలంతా చెక్క గరిటెలు చెక్కేవాడు, పొద్దువాలినాక పిల్లకాయలకి క్లారినెట్ నేర్పేవాడు. సెలవులొస్తే మా నాయన మా అన్నని ఆడ దించి వచ్చేవాడు, నేను కూడా పోతానని ఏడ్చి వెంట పడేదాన్ని. క్లారినెట్ ఆడపిల్లకి ఎందుకులే అని మా నాయన అంటే, అయ్యోరు అప్పుడే నునుపు చేసిన గరిటెలు రెండు నా చేతిలో పెట్టినాడు. "ఇయ్యి కొట్టుకో, దీనికెవురూ అడ్డం రారు" అన్నాడు.

అయ్యోరిది పెద్ద నోరు. ఇంట్లో ఎవరన్నా వాయించబోతే చాలు, "మాట్లాడబాకండి, వాడు ఎత్తుకుంటాడు" అని వీధి చివరిదాకా వినబడేటట్టు అరిచేవాడు. ఆయనకి ఒక కూతురు, మేము అక్కా అని పిలిచేవాళ్ళం. ఆమె రుబ్బే రుబ్బు ఆపేసి చేతికి పిండితోనే కూర్చోవాల. పక్కింటాయన దగ్గితే, "ఒరే, పాటైనాక దగ్గురా, నీ దగ్గు ఎక్కడికీ పోదు" అనేవాడు. అంతా సద్దుమణిగినాక మా అన్న వైపు తిరిగి, అప్పుడు మాత్రం గొంతు తగ్గించి, "ఎత్తుకో నాయనా" అనేవాడు. అంత నోరున్న మనిషికి ఆ మెత్తటి గొంతు యాడ నించి వచ్చేదో. మా అన్న క్లారినెట్ వదిలి శాక్సఫోన్ పట్టినాక కూడా, పెళ్ళిలో మొదటి ఊపిరి తీసుకునే ముందు కళ్ళు మూసుకునేవాడు. ఆ మాట కోసమే మూసుకుంటాడని నాకు తెలుసు.

ఇంక ఆల్బమ్ సంగతి. కొన్నేళ్ళ కిందట మా అన్న యూట్యూబ్‌లో శాక్సఫోన్ పాటలు వెతుకుతా ఉంటే ఏదో అమెరికా బ్యాండుది దొరికింది. ఫంక్ అంటారంట, జాజ్ కలిసిన ఫంక్. వాళ్ళకింకా పేరు రాని మొదటి రోజుల్లో ఏదో చిన్న హోటల్లో జనం ముందు వాయించి, వాయించింది వాయించినట్టే రికార్డు చేసుకున్న ఆల్బమ్ అది. మా అన్నకి పిచ్చి పట్టింది. బస్సులో అదే, వ్యాన్లో అదే, అన్నం తింటా ఉన్నా అదే. నాకు ఒళ్ళు మండేది.

"ఏందన్నా ఇది? గ్లాసులు గణగణ అంటా ఉండాయి, ఎవరో దగ్గతా ఉన్నాడు. ఆ శాక్సఫోనాయన తప్పు కూడా కొట్టినాడు, కీచుమనింది చూడు."

"తీసెయ్యలేదు చూసినావా? అదేమ్మే దీన్లో ఉండేది. మనం పక్కన కూర్చుని విన్నట్టు లేదూ?"

దాన్లో ఒక చోట పాటకి ముందు అందరూ గమ్మునైపోతారు. ఆ గమ్ములో జనంలోంచి ఎవడో ఒకాయన ఒక మాట అంటాడు. మాకు ఇంగ్లీషు అంతంత మాత్రం, దాని మీద ముద్ద మాట, అర్థం కాలేదు. ఆయన అనీ అనకముందే డ్రమ్సూ బేసూ ఒక్కసారి పడతాయి. మా అన్న అక్కడికి వెనక్కి జరిపి జరిపి వినేవాడు. "ఎవరమ్మే ఈయన? ఏమన్నాడో ఏమో, ఆయనన్నాకే వీళ్ళు ఎత్తుకున్నారు. వాళ్ళ అయ్యోరై ఉంటాడు." ఎవడో తాగినోడై ఉంటాడులే అన్నాను నేను. ముఖం మాడ్చుకున్నాడు.

ఆ వాయింపు మా బ్యాండుకి ఎక్కించేదానికి మా అన్న పడిన అవస్థ అంతా ఇంతా కాదు. "మొదటి దెబ్బ మీద అందరూ పడాల. మిగతా దెబ్బలు మీ ఇష్టం, యాడికన్నా పోండి, మళ్ళీ మొదటి దెబ్బకి ఇంటికి రావాల" అని మా ఆయనకి చెప్పేవాడు. మా ఆయన యాడికో పోయేవాడు, ఇంటికి మాత్రం వచ్చేవాడు కాదు. బేస్ గిటారాయన అలిగి ఒక పెళ్ళికి రాలేదు. అయినా మెల్లమెల్లగా కుదిరింది. పాత సినిమా పాటనే తీసుకుని, పల్లవి అయినాక దాన్ని విడిచిపెట్టి, శాక్సఫోను ఎటు పోతే అటు మేమంతా వెనకాల పోవడం నేర్చుకున్నాం. సోమశిల దగ్గర ఒక పెళ్ళిలో ఒక పెద్దాయన వచ్చి, "ఏందిరా ఇది, పాట యాడ మొదలో యాడ చివరో తెలీకుండా ఉండాది" అని తిట్టినాడు. తిడతానే భుజాలు ఊపతా ఉన్నాడు. మా అన్న ఆనందం చూడాల ఆ రోజు.

అప్పుడే ఆయన పళ్ళ సంగతి బయటపడింది. మా పక్క ఫ్లోరైడు నీళ్ళ గురించి చెప్పేదేముండాది, చిన్నప్పటి నించీ అందరి పళ్ళూ గారపట్టి ఉంటాయి. మా అన్నకి దాని మీద చిగుళ్ళు కూడా చెడినాయి. పై ముందు పళ్ళు చేత్తో కదిలిస్తే కదిలేవి. శాక్సఫోను వాయించాలంటే మౌత్‌పీసు మీద పై పళ్ళు గట్టిగా ఆనాల, కింది పెదవి మడిచి పట్టాల. పళ్ళు పోతే పట్టు పోద్ది. ఆత్మకూరులో పళ్ళ డాక్టరు చూసి, లాభం లేదయ్యా తీసెయ్యాల్సిందే, కట్టుడు పళ్ళు పెట్టుకుందువులే అన్నాడు. కట్టుడు పళ్ళతో మళ్ళీ వాయించొచ్చా అంటే, నాకు తెలీదు, కొందరికి వస్తాదంట కొందరికి రాదంట అన్నాడు. మంచి మనిషే, అబద్ధం చెప్పలేదు.

మా అన్న ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. నేను కాఫీ ఇస్తే పక్కన పెట్టేసినాడు.

"కార్తీకంలో ఉదయగిరి పెళ్ళొకటి ఉండాది కదా. అది అయినాక తీయించుకుంటా. ఆ ఊరేగింపు మొత్తం రికార్డు చేద్దాం, ఆ అమెరికావాళ్ళు చేసుకున్నట్టే. అయ్యోరి వీధిలోంచి తిప్పమని పెళ్ళివాళ్ళని అడుగుతా. ఆయన ఇంటి ముందు ఆపి, నాకొచ్చిందంతా వాయిస్తా. కొండ కూడా తిరిగి పలుకుద్ది ఆడ."

అయ్యోరు అప్పటికి కింద పడి తుంటి విరిగి మంచానికే అయిపోయినాడు. మా అన్న శాక్సఫోను పట్టి ఇన్నేళ్ళైనా ఆయన సరిగ్గా విన్నది లేదు. ఎప్పుడూ ఏదో ఒక పెళ్ళి అడ్డం, బస్సు అడ్డం, పోదాంలే పోదాంలే అని జరిగిపోయింది. ఈ పళ్ళు నోట్లో ఉండంగానే ఆయనకి వినిపించాల, ఆ వినిపించింది రికార్డులో ఉండాల. అది ఒక్కటే మా అన్న కోరిక.

"ఫోన్ చేసి అక్కకి చెప్పరాదూ?" అన్నాను.

"చెప్పబాక. ఉన్నట్టుండి ఇంటి ముందు వినబడాల. ఎవరా అని తల ఎత్తాల ఆయన."

చెప్పుంటే సరిపోయేది. ఒక్క ఫోను. ఇప్పుడు అనుకుని ఏం లాభం.

పెళ్ళికొడుకుది ఆత్మకూరే, పెళ్ళి మాత్రం ఉదయగిరిలో పెళ్ళికూతురి ఊళ్ళో. పెళ్ళికి ముందు రోజు సాయంత్రం ఆడ ఊరేగింపు. పొద్దున్నించీ ముసురు పట్టింది, సాయంత్రానికి తెరిపిచ్చినా చలి వదల్లేదు. కీబోర్డాయన ఎవరినో అడిగి చిన్న రికార్డర్ తెచ్చి, డ్రమ్స్ పెట్టే బండికి గొడుగు కట్టే రాడ్డు ఉంటాదే, దానికి గుడ్డ చుట్టి కట్టినాడు. ముందు పెళ్ళికొడుకు కారు, దానెనక జనరేటర్ ఆటో, తర్వాత మేము, మా వెనక ఆ బండి. దీపాలు పెట్టే వేళకి బస్టాండు దగ్గర ఎత్తుకున్నాం. ఎంత బాగా కుదిరిందో ఆ రోజు! మా ఆయన యాడికి పోయినా మొదటి దెబ్బకి వచ్చి పడతా ఉన్నాడు. నా గరిటెలు నాకే ముద్దొచ్చినాయి. కొండ నిజంగానే తిరిగి పలికింది. మా అన్న మాత్రం సగం ఊపిరితోనే వాయిస్తా ఉన్నాడు, అసలుది దాచి పెట్టుకున్నాడని మాకందరికీ తెలుసు.

అయ్యోరి వీధిలోకి తిరిగినాం. అప్పుడే కరెంటు పోయింది.

వీధి మధ్యలో, ఆయన ఇంటి ముందు షామియానా వేసి ఉండాది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల నిండా మనుషులు. ఒక్కరూ మాట్లాడడం లేదు, ఒక్కరూ కదలడం లేదు. వాళ్ళ మధ్యలో నవారు మంచం. మంచం మీద అయ్యోరు వెల్లకిలా పడుకోనున్నాడు, ఛాతీ దాకా తెల్ల దుప్పటి, గడ్డం కిందనించి నెత్తి మీదకి తువ్వాలు కట్టి ఉండాది. తలాపున దీపం.

నా చేతిలో గరిటెలు ఆగిపోయినాయి. అట్టా దవడ కట్టేది ఎవరికో ఎవరికి తెలీదు? ముందు నడిచే పెళ్ళి పెద్ద వెనక్కి తిరిగి రెండు చేతులూ ఊపినాడు. "ఆపండి ఆపండి, చావిల్లు" అన్నాడు గొంతు కిందనించి.

పెళ్ళి ఊరేగింపు దారిలో చావిల్లు తగిలితే వాయిద్యం ఆపాల. ఆ ఇల్లు దాటిందాకా ఒక్క దెబ్బ వినబడకూడదు. తల వంచుకుని పోవాల, ఆగకూడదు, ఎవరు పోయినారని అడగకూడదు. అడిగితే ఆ కబురు మనతో పెళ్ళింటికి వస్తాది. మలుపు తిరిగినాకే మళ్ళీ ఎత్తుకోవాల. మా అన్నకి ఇది నేర్పింది కూడా అయ్యోరే. వాయించడం కంటే ముందు ఎక్కడ ఆపాలో తెలవాలిరా అనేవాడు.

మా అన్న శాక్సఫోను దించేసినాడు. ఆయన అక్కడే ఆగిపోబోయినాడు. మోచెయ్యి పట్టుకుని నడిపించినాను. మా ఆయన కూడా బండి దిగి వచ్చి మా పక్కన తల వంచుకుని నడిచినాడు. బండిని పెళ్ళివాళ్ళు పెట్టిన కూలీలు వెనకాల మెల్లగా తోసుకొచ్చినారు. మంచం దగ్గరికి వచ్చినాక మా అన్న ఒక్కసారి చేతులు జోడించినాడు, మంచం వైపు చూడకుండానే. జనరేటర్ ఆటో మా ముందే బరబరమంటా పోతా ఉండాది. కుర్చీల్లో వాళ్ళు మమ్మల్నే చూస్తా ఉన్నారు. పాపం, ఏడ్చి ఏడ్చి అట్టా ఉన్నారు అనుకున్నాను.

మలుపు తిరిగినాం. పెళ్ళి పెద్ద చెయ్యి ఎత్తినాడు, ఇంక కానియ్యండి అని. మా అన్న శాక్సఫోను నోటికి పెట్టుకున్నాడు.

అదీ మా ఆల్బమ్‌లో రెండో సగం. దాని గురించి నాకు చెప్పడం చేతకాదు. ఆడుతున్న కుర్రోళ్ళు ఆగి నిలబడిపోయినారు. మా ఆయన డ్రమ్స్ చాలాసేపు ముట్టుకోలేదు. దాచిపెట్టుకున్న ఊపిరంతా అక్కడ పోసేసినాడు. పెళ్ళి కదా అని మధ్యలో సంతోషంగా మార్చబోయినాడు, అది కూడా ఏడుపే అయింది. విడిదిల్లు చేరేసరికి మౌత్‌పీసంతా నెత్తురు. ముందు పన్ను ఒకటి ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని జేబులో వేసుకుని, "ఆయన కోసం వాయించినా అమ్మే, వినుంటే బాగుండేది" అన్నాడు. నేను బోరుమని ఏడ్చినాను, ఆడోళ్ళు చూస్తారని వ్యాను వెనక్కి పోయి.

మర్నాడు ముహూర్తం అయి, మా పని అయిపోయినాక బస్టాండు దగ్గర దండ కొన్నాడు. చామంతులూ గులాబీలూ కలిపింది, పెద్దది. ఇద్దరం నడుచుకుంటా పోయినాం. షామియానా తీసేసినారు. అప్పుడే తీసుకెళ్ళిపోయినారే, చూపు దక్కలేదే అని మా అన్న గొణుక్కుంటా గడప ఎక్కినాడు.

అయ్యోరు గోడకి ఆనుకుని మంచం మీద కూర్చుని టీ తాగతా ఉన్నాడు. నెత్తికి తువ్వాలు అట్నే ఉండాది, చెవుల్లోకి చలి పోకుండా.

ఓరి దేవుడా. ఆ క్షణం ఎంత సంతోషం రావాల మనిషికి! రాలేదు. మా అన్న చేతిలో శవం మీద వెయ్యడానికి తెచ్చిన దండ.

"ఏందిరా, ఇప్పుడు తీరిందా దొరకి?" అన్నాడు అయ్యోరు. "ఎవురికి ఆ దండ?"

"మీకే అయ్యోరా" అన్నాడు మా అన్న. ఇంకేమంటాడు?

"నాకా? సన్మానమా? వాయించకుండా సన్మానమేందిరా? నేనేమన్నా ఎమ్మెల్యేనా?" అని కూతుర్ని పిలిచినాడు. "అమ్మా, ఈ దండ తీసుకుపోయి దేవుడి పటానికి వెయ్యి."

అక్క వచ్చి చెయ్యి చాచింది. మా అన్న గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. "వద్దక్కా! దేవుడికి వద్దు!"

ఎందుకు వద్దో చెప్పలేడు. చావుకని కొన్నది దేవుడికెట్టా వేస్తారు? ఆయన మెడలో ఎట్టా వేస్తారు? అయ్యోరి ముఖం మారిపోయింది. "ఓహో. నా ఇంట్లో దేవుడికి కూడా పనికిరాదన్నమాట" అన్నాడు. నాకు భూమి చీలిపోతే బాగుండనిపించింది.

అక్క నన్ను పక్కకి పిలిచి చెప్పింది. ముందురోజు మధ్యాహ్నం ఎవరో చెప్పినారంట, ఆత్మకూరు పెళ్ళికి మీ శిష్యుడి బ్యాండే వస్తా ఉండాది, మన వీధిలోంచే అని. ఇంక అయ్యోరు ఊరుకోలేదంట. ముసురుగా ఉండాది షామియానా వెయ్యమన్నాడు, కుర్చీలు తెమ్మన్నాడు, వీధిలో వాళ్ళందర్నీ పిలిపించినాడు, నన్ను బయట పడుకోబెట్టండి, ఎక్కువసేపు కూర్చోలేను అన్నాడు. చలికి తువ్వాలు కట్టించుకున్నాడు. కరెంటు పోతే దీపం పెట్టినారు. మీ చప్పుడు వినబడిందగ్గర నించీ ఒక్కరినీ మాట్లాడనియ్యలేదు అంది. "మీరు ఆపితే, నాయన కోసం కొత్తగా ఎత్తుకుంటారేమో అనుకున్నాం. దాటిపోతే, పెళ్ళికొడుకుని దించి వస్తారేమోలే అనుకున్నాం. పక్క వీధిలో వినబడినాక ఆయన కుర్చీలు తీయించేసినాడు."

నేను వెనక్కి వచ్చేసరికి అయ్యోరు అంటా ఉన్నాడు: "సరే, ఇప్పుడు ఎత్తుకో."

మా అన్న పెదాలు వాచిపోయి ఉండాయి, పన్ను పోయిన చోట ఇంకా నెత్తురు. "ఈరోజు కాదు అయ్యోరా. ఇంకోనాడు వస్తా" అన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"ఇంకోనాడు" అన్నాడు ఆయన. అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తిరుగు బస్సులో నేను మా అన్నతో పోట్లాడినాను. ఉన్నదున్నట్టు చెప్పు, పోయినారనుకున్నా అయ్యోరా అని చెప్పు, ఆయన పడీపడీ నవ్వుతాడు, నీ పాసుగాల, నన్ను బతికుండగానే చంపినావురా అని తిట్టి వీధంతా పిలిచి చెప్పుకుంటాడు అన్నాను. మా అన్న వినలేదు. మంచంలో ఉన్న మనిషి ముఖం మీద మీరు చచ్చిపోయినారనుకున్నా అని ఎట్టా అంటామమ్మే, ఆ మాటతో నిజంగా ఏమన్నా అయితే? పళ్ళు కట్టించుకుని, మళ్ళీ వాయింపు రాంగానే పోయి ఇంటి ముందు వాయిస్తా, అప్పుడు అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. నువ్వు గానీ అక్కకి చెప్పినావంటే నా మీద ఒట్టే అన్నాడు. ఒట్టు పెట్టినాక నేనేం చేసేది? ఆయన భయం ఆయనది. కానీ నాకు ఇప్పటికీ తెలుసు, చెప్పుంటే నవ్వేవాడే. తప్పకుండా నవ్వేవాడు.

పళ్ళు తీసినారు. కట్టుడు పళ్ళు వచ్చినాయి. శాక్సఫోను నోట్లో పెట్టుకుంటే కట్టుడు పళ్ళు జారేవి, గాలి పక్కల్నించి పోయేది. రోజూ పొద్దున మేడ మీద కూర్చుని కీచుకీచుమనిపించేవాడు. ఒక స్వరం నిలబడితే కిందికొచ్చి చెప్పేవాడు, మర్నాటికి అది కూడా పోయేది. పెళ్ళిళ్ళకి వేరే ఊరి నించి శాక్సఫోనాయన్ని పిలుచుకున్నాం. మా అన్న వ్యాన్లో ముందు సీట్లో కూర్చుని వచ్చేవాడు, వాయిద్యాలు దించేవాడు. ఆయన్ని అట్టా చూడలేక నేను పక్కకి తిరిగి పాడేదాన్ని.

ఉదయగిరి పోదామంటే, వాయింపు రానీ అనేవాడు. ఉండబట్టలేక ఆ రెండో సగం పాట అక్క ఫోనుకి నేను పంపించినాను. అక్క ఆయన చెవి దగ్గర పెట్టిందంట. ఎత్తుకున్న ఊపిరి వినంగానే గుర్తుపట్టినాడంట. "ఆపు. ఇంటి ముందు ఆపేసినోడిది ఇంట్లో ఎందుకు" అన్నాడంట. ఇంకెప్పుడూ అడగలేదు.

వానలు మళ్ళీ రాకముందే పోయినాడు.

అదే షామియానా, అవే కుర్చీలు. ఈసారి కూడా దవడకి తువ్వాలే. మా అన్న శాక్సఫోను పెట్టె ఒళ్ళో పెట్టుకుని చివరి కుర్చీలో కూర్చున్నాడు, మూత తెరవలేదు. దండ మాత్రం నా చేత వేయించినాడు. వీధిలో వాళ్ళు కొందరు ఆయన వైపు చూసి గుసగుసలాడినారు, వీడేగా ఆ రోజు ఆపేసి పోయింది అని. లేచి చెప్పేద్దామనుకున్నాను. ఇంక ఎవరికి చెప్పేది? వినాల్సినాయన వినకుండానే పోయె.

తర్వాత కీబోర్డాయన వచ్చి, ఆ ఊరేగింపు మొత్తం ఒకటిగా కలిపి యూట్యూబ్‌లో పెడదాం, ఎంతకాలం ఫోన్లలో పడుంటాది అన్నాడు. మధ్యలో ఖాళీ కోసేస్తా, ఎక్కడ నించి ఎక్కడిదాకా కొయ్యాలో నువ్వు విని చెప్పు అన్నాడు. ఆ ఖాళీ మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ వినలేదు. అక్కడికి రాంగానే ముందుకు తోసేసేవాళ్ళం, వినేదానికి ఏముండాదిలే అని.

మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. చప్పుడు పూర్తిగా పెంచినాను. మా పాట ఆగింది. ఎక్కడో దూరంగా జనరేటర్. బండి చక్రాలు కిర్రుకిర్రుమంటా ఉండాయి. ఎవరిదో దగ్గు, ఆపుకుంటా దగ్గినట్టు. అప్పుడు, బలం లేని గొంతు, అయినా అదే పెద్ద నోరు:

"మాట్లాడబాకండి. వాడు ఎత్తుకుంటాడు."

చక్రాలు ఇంకా దగ్గరికొచ్చినాయి. మేమందరం అప్పటికి ముందుకు వెళ్ళిపోయి ఉంటాం, బండి ఒక్కటే ఆ మంచం పక్కనించి పోతా ఉండుంటాది, తోసే కూలీలకి ఆ గొంతు ఎవరిదో ఏం తెలుసు. ఈసారి ఆ గొంతు మెత్తగా, నా చెవిలోనే అన్నట్టు వచ్చింది:

"ఎత్తుకో నాయనా."

తర్వాత చక్రాలు. చక్రాలు దూరమైపోవడం.

పొయ్యి మీద పాలు పొంగిపోయినాయి, నేను లేవలేదు. దాయడం నా చేత కాదు. ఇది మా అన్నది, మా అన్న కోసం అయ్యోరు పలికిన మాట. మా అన్న మెట్ల మీద కూర్చుని ఉంటే పోయి చెవుల్లో పెట్టినాను. ఏందమ్మే అన్నాడు. విను అన్నాను.

విన్నాడు. మొదటి మాటకి తల ఎత్తినాడు. రెండో మాటకి అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని, గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి చాలాసేపు అట్నే పట్టుకున్నాడు. తర్వాత వదిలేసినాడు.

"కొయ్యబాకమని చెప్పు" అన్నాడు. నా వైపు తిరిగి, "బతికుండానని ఆయనే చెప్పినాడు కదమ్మే, నేనే వినలేదు" అన్నాడు.

మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టినాను.